మా దగ్గర బాగానే నడిచింది

కంప్యూటర్ బాగుచేసే షాపులో కస్టమర్‌కి ఎక్కువగా దొరికే జవాబు ఇది: "మా దగ్గర బాగానే నడిచింది." సీఎస్ఈ వాళ్ళకి ఈ మాట కొత్తేం కాదు. ల్యాబ్ ఎగ్జామ్‌లో ప్రోగ్రామ్ మొరాయిస్తే మనమూ ఇదే అంటాం, "సార్, నా సిస్టమ్‌లో రన్ అయింది సార్" అని. సార్ నవ్వుతారు, మార్కులు మాత్రం వేయరు. షాపు వాళ్ళు అదే మాట అంటే మాత్రం కస్టమర్ తల ఊపి, సర్వీస్ ఛార్జి కట్టి, సీపీయూ డబ్బా చంకన పెట్టుకుని బస్సెక్కుతాడు.

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. "మా దగ్గర బాగానే నడిచింది" అనేది జవాబు కాదు. ఎలా నడిపి చూశారో, ఎంతసేపు చూశారో చెప్పనంత వరకు దానికి విలువ లేదు. పైగా కంప్యూటర్లకి ఒక రకం జబ్బు ఉంది. అది నడిపిస్తే ఎప్పటికీ బయటపడదు, ఊరికే వదిలేస్తేనే బయటపడుతుంది. ఆ జబ్బు ఉన్న మెషీన్‌ని ఎంత గట్టిగా పరీక్షిస్తే అంత ఆరోగ్యంగా కనిపిస్తుంది.

ఊరికే ఉంటే బిగుసుకపోతాది

మా చిన్నాయన నందవరంలో జిరాక్స్, ఆన్‌లైన్ షాపు నడుపుతాడు. నందవరం అనగానే చాలామంది బనగానపల్లె దగ్గర చౌడేశ్వరమ్మ గుడి ఉన్న ఊరు అనుకుంటారు. అది వేరే నందవరం. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయినప్పుడు అది నంద్యాల జిల్లాలోకి వెళ్ళింది. ఇది ఎమ్మిగనూరు పక్కన ఉన్న మండల కేంద్రం, కర్నూలు జిల్లాలోనే ఉంది. చిన్నాయన షాపుకి వచ్చేవాళ్ళు ఎక్కువగా రైతులు, ఇంటర్ పిల్లలు. 1బి కాపీ కావాలని, హాల్ టికెట్ కావాలని, పాన్ కార్డుకి అప్లై చేయాలని వస్తారు. ఒక్కొక్క పనికి పదో, ముప్పయ్యో, యాభయ్యో మిగులుతుంది.

పాత కంప్యూటర్ మరీ నత్త నడక నడుస్తోందని, పత్తి అమ్మిన డబ్బు కొంత, చీటీ డబ్బు కొంత కలిపి, టౌన్‌లో ఒక షాపులో 42 వేలకి కొత్తది అసెంబుల్ చేయించాడు. ప్రాసెసర్, బోర్డు, 16 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ అన్నీ మంచివే. కేబినెట్‌తో పాటు ఎస్‌ఎంపీఎస్ కూడా వచ్చింది. అసెంబుల్డ్ డెస్క్‌టాప్ కొన్నవాళ్ళకి తెలుసు, కొటేషన్‌లో ప్రాసెసర్ పేరు, ర్యామ్ స్పీడు అక్షరం పొల్లుపోకుండా రాస్తారు, ఎస్‌ఎంపీఎస్ దగ్గరికొచ్చేసరికి "కేబినెట్ విత్ ఎస్‌ఎంపీఎస్" అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు.

కొన్ని నెలలు బాగానే ఉంది. తర్వాత మొదలైంది. మధ్యాహ్నం షాపులో ఎవరూ లేనప్పుడు అలా వదిలేస్తే, కాసేపటికి స్క్రీన్ అలాగే ఉంటుంది కానీ మౌస్ కదలదు, కీబోర్డ్ పలకదు. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపి, మళ్ళీ ఆన్ చేయాలి. ఈలోపు ఎండలో వచ్చిన మనిషి నిలబడి ఉంటాడు. మళ్ళీ సైటు తెరిచి లాగిన్ అయ్యేసరికి ఒక్కోసారి సర్వర్ బిజీ. ఆ మనిషి ఇంకో షాపుకి పోతాడు. ఒకసారి పోయినవాడు మళ్ళీ రాడు.

ఫోన్లో చిన్నాయన నాకు చెప్పిన మాట ఇది: "పని చేస్తా ఉంటే ఏం కాదమ్మీ. ఊరికే ఇడిసిపెడితేనే బిగుసుకపోతాది."

షాపుకి మూడుసార్లు తీసుకెళ్ళాడు. మొదటిసారి ఫార్మాట్ కొట్టి విండోస్ మళ్ళీ వేశారు, 500 తీసుకున్నారు. రెండోసారి ర్యామ్ తీసి, రబ్బరుతో తుడిచి, మళ్ళీ పెట్టి, రెండు గంటలు గేమ్ ఆడించి చూశారు. బాగానే నడిచింది. మూడోసారి కూడా బాగానే నడిచింది. అప్పుడు అన్నారట, "మీ ఊర్లో కరెంటు సరిగ్గా ఉండదన్నా, దానికి మేమేం చేస్తాం?"

నాకు కోపం వచ్చింది ఈ మూడోదానికే. ఫార్మాట్ కొట్టడం అలవాటు, ర్యామ్ తుడవడం అలవాటు, ఒప్పుకుంటాను. కానీ కారణం దొరక్కపోతే తప్పు ఊరి మీద వేయడం ఏంటి? మా ఊర్లో కరెంటు పోతుంది, లో వోల్టేజీ ఉంటుంది, అన్నీ నిజమే. అయితే అదే గోడకి, అదే యూపీఎస్‌కి పెట్టిన పాత కంప్యూటర్ ఏళ్ళ తరబడి ఒక్కసారి కూడా ఇలా బిగుసుకోలేదు. పల్లెటూరి నుంచి వచ్చిన కంప్లైంటుకి పల్లెటూరే కారణం అనేస్తే ఇక వెతకాల్సిన పని ఉండదు కదా.

ఖాళీగా ఉండటం కూడా ఒక పనే

అసలు పని లేనప్పుడు ప్రాసెసర్ ఏం చేస్తుంది? టాస్క్ మేనేజర్ మొదటిసారి తెరిచి "సిస్టమ్ ఐడిల్ ప్రాసెస్ 97" అని చూసి, ఏదో వైరస్ సీపీయూ మొత్తం తినేస్తోందని భయపడిన వాళ్ళు మన హాస్టల్లోనూ ఉంటారు. అది వైరస్ కాదు. పని లేదు అని చెప్పే లెక్క అది.

పని లేదు కదా అని ప్రాసెసర్ ఊరికే కూర్చోదు, నిద్రపోతుంది. ఆ నిద్రలో కూడా మెట్లున్నాయి. వీటిని సీ-స్టేట్లు అంటారు. సీ0 అంటే మేలుకుని పనిచేస్తున్నట్టు. సీ1 అంటే కునుకు. నంబరు పెరిగేకొద్దీ నిద్ర లోతు పెరుగుతుంది. సీ6 లాంటి లోతైన మెట్టులో కోర్ తన దగ్గరున్న సమాచారం పక్కన దాచుకుని, దాదాపు కరెంటే లేకుండా పడుకుంటుంది. ఈ మెట్ల పద్ధతిని ఆపరేటింగ్ సిస్టమ్, హార్డ్‌వేర్ కలిసి మాట్లాడుకునేలా ఒక ప్రమాణంగా పెట్టింది ఏసీపీఐ. ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా కలిసి 1996 డిసెంబర్‌లో దాన్ని విడుదల చేశాయి.

మనం మౌస్ వదిలేసి టీకి వెళ్ళినప్పుడు కంప్యూటర్ ఒకేసారి పడుకుని ఒకేసారి లేవదు. క్షణానికి ఎన్నోసార్లు పడుకుంటుంది, లేస్తుంది. లేచిన ప్రతిసారీ కరెంటు కావాలి, పడుకున్న ప్రతిసారీ ఆ అవసరం దాదాపు సున్నాకి పడిపోతుంది. ఎస్‌ఎంపీఎస్, బోర్డు మీద వోల్టేజీ చూసుకునే సర్క్యూటు, బయాస్, డ్రైవర్లు అన్నీ ఈ ఊగిసలాటని తట్టుకోవాలి. ఎక్కడ ఒక్కటి తడబడినా మెషీన్ నిద్రలోనే ఉండిపోతుంది. మరి గేమ్ ఆడుతుంటే? ప్రాసెసర్‌కి లోతుగా నిద్రపోయే తీరికే ఉండదు. అందుకే గేమ్ పెట్టి చూస్తే ఈ జబ్బు దొరకదు.

ఇది కొత్తదీ కాదు, ఒక్క కంపెనీదీ కాదు. పాత లినక్స్‌లో నో-హెచ్‌ఎల్‌టీ అని ఒక బూట్ ఆప్షన్ ఉండేది. హెచ్‌ఎల్‌టీ అంటే "పని లేదు, ఆగు" అని ప్రాసెసర్‌కి చెప్పే ఆదేశం. మొదట్లో వచ్చిన కొన్ని 486 డీఎక్స్-100 చిప్‌లు ఆ ఆదేశం విన్నాక మళ్ళీ సరిగ్గా లేచేవి కావు, అందుకని ఆ ఆప్షన్ పెట్టారు. 2013లో ఇంటెల్ హాస్వెల్ ప్రాసెసర్లు వచ్చినప్పుడు ఎస్‌ఎంపీఎస్‌ల గురించి పెద్ద చర్చ జరిగింది. వాటి లోతైన నిద్రలో 12 వోల్టుల లైను మీద అవసరం 0.05 ఆంపియర్ల దాకా పడిపోవచ్చు. అంత తక్కువ లోడు మీద వోల్టేజీ నిలకడగా ఇవ్వడం పాత డిజైన్ ఎస్‌ఎంపీఎస్‌లన్నిటికీ చేతకాదు. ఆ తర్వాత బే ట్రయిల్ చిప్‌లున్న చిన్న కంప్యూటర్లు లినక్స్‌లో బిగుసుకుపోతున్నాయని కెర్నల్ బగ్‌జిల్లాలో ఫిర్యాదులు గుట్టగా పడ్డాయి. లోతైన నిద్రలోకి పోనీయకుండా ఆపితే చాలామందికి తగ్గింది. 2017లో మొదటి తరం రైజెన్ కొన్నవాళ్ళలో కొందరికీ ఇలాంటి బాధే వచ్చింది. ఆ బోర్డుల బయాస్‌లో తర్వాత పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్ అనే ఆప్షన్ కనిపించడం మొదలైంది. ఎస్‌ఎంపీఎస్ మీద లోడు మరీ కిందికి పడిపోకుండా చూసే ఆప్షన్ అది.

అంటే "ఊరికే ఇడిసిపెడితే బిగుసుకపోతాది" అనే కంప్లైంట్ వింతేం కాదు. ప్రపంచమంతా నమోదైన, పేరున్న జబ్బు.

చిట్టా పుస్తకం

సెలవులకి ముందే చిన్నాయనకి చెప్పాను, బాకీలు రాసే చిట్టాలో వెనక పేజీలో ఇవి కూడా రాయమని: చివరగా ఎప్పుడు ముట్టుకున్నావు, స్క్రీన్ మీద గడియారం ఎంత దగ్గర ఆగింది, అప్పుడు ఏం తెరిచి ఉంది. బిగుసుకున్న స్క్రీన్‌లో మూలన ఉన్న గడియారం కూడా ఆగిపోతుంది. 1:47 దగ్గర ఆగిందంటే 1:47కే పోయిందన్నమాట, మనం 2:30కి చూసినా సరే. ఇంతకన్నా మంచి సాక్షి దొరకదు.

మూడు వారాల్లో 11 సార్లు. పదకొండుకి పదకొండూ ముట్టుకోకుండా వదిలేసినప్పుడే. అన్నిటికన్నా తక్కువ వ్యవధి 12 నిమిషాలు. ప్రింటు తీస్తున్నప్పుడు, స్కాన్ చేస్తున్నప్పుడు, వీడియో చూస్తున్నప్పుడు ఒక్కటీ లేదు.

దసరా సెలవుల్లో వెళ్ళి ఒక్కొక్కటే మార్చి చూశాం. ఒకేసారి రెండు మార్చకూడదన్నది ఒక్కటే నియమం.

మొదట, బిగుసుకున్నప్పుడు క్యాప్స్ లాక్ నొక్కాం. లైటు వెలగలేదు. ఫోన్ నుంచి పింగ్ చేస్తే జవాబు లేదు. అంటే డిస్‌ప్లే ఒక్కటే కాదు, మొత్తం మెషీన్ ఆగిపోయింది. ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అనే ఎంట్రీ కనిపించింది. దాన్ని చూసి పవర్ ప్రాబ్లం అని తేల్చేయడం తొందరపాటు. సరిగ్గా షట్‌డౌన్ కాకుండా మళ్ళీ మొదలైంది అని మాత్రమే దాని అర్థం. మనం బటన్ నొక్కి ఆపినా అదే ఎంట్రీ పడుతుంది.

తర్వాత స్లీప్ మోడ్ పూర్తిగా ఆపేశాం. మధ్యాహ్నానికి బిగుసుకుంది. కాబట్టి స్లీప్ నుంచి లేవలేకపోవడం కాదు. డిస్క్ ఆఫ్ అయ్యే సెట్టింగు, పీసీఐ ఎక్స్‌ప్రెస్ లింకు పవర్ సేవింగ్ ఆపేశాం. అయినా బిగుసుకుంది. రాత్రంతా మెమరీ టెస్ట్ పెట్టాం. తప్పులు లేవు, బిగుసుకోలేదు కూడా. మెమరీ టెస్ట్ నడుస్తున్నంత సేపూ ప్రాసెసర్ పనిలోనే ఉంటుంది మరి.

అప్పుడు సౌండ్ ఆపేసి ఒక వీడియోని రోజంతా తిప్పి తిప్పి ఆడించాం. ఎవరూ ముట్టుకోలేదు, అయినా బిగుసుకోలేదు. అంటే మనిషి ముట్టుకోకపోవడం కాదు కారణం, ప్రాసెసర్‌కి పని లేకపోవడం. ఇక్కడికి దారి దొరికింది.

బయాస్‌లోకి వెళ్ళి సీ-స్టేట్లు ఆపేశాం. నాలుగు రోజులు ఒక్కసారి కూడా లేదు. మళ్ళీ ఆన్ చేశాం, మర్నాడే బిగుసుకుంది. చిన్నాయన, "ఇంకేం, ఆపేసి పెట్టుకుందాం, నడుస్తాంది కదా" అన్నాడు. ఆపేసి వాడుకోవచ్చు కూడా. కానీ అప్పుడు మెషీన్ పని లేకపోయినా మేలుకునే ఉంటుంది, కరెంటు తింటుంది, వేడెక్కుతుంది. ఏప్రిల్‌లో నందవరంలో రేకుల షాపు ఎలా ఉంటుందో అందులో కూర్చున్నవాళ్ళకే తెలుసు. పైగా పాడైన వస్తువు లోపలే ఉండిపోతుంది, ఏడాది వారంటీలో రెండు నెలలే మిగిలాయి. మందు వేసి నొప్పి తగ్గించుకోవడం వేరు, ఏ పన్ను పుచ్చిందో తెలుసుకోవడం వేరు.

ఎమ్మిగనూరులో ఒక ఫ్రెండ్ దగ్గర మంచి ఎస్‌ఎంపీఎస్ అడిగి తెచ్చి పెట్టాం. సీ-స్టేట్లు ఆన్‌లోనే ఉంచాం. పది రోజులు ఒక్కటి కూడా లేదు. పాతది మళ్ళీ పెడితే మొదటిరోజే బిగుసుకుంది. అదే గోడ, అదే ప్లగ్గు, అదే యూపీఎస్, అదే ఊరి కరెంటు. మారింది ఎస్‌ఎంపీఎస్ ఒక్కటే.

ఐడిల్‌లో బిగుసుకునే ప్రతి కంప్యూటర్‌కీ ఎస్‌ఎంపీఎసే కారణం అని నేననడం లేదు. ఎస్‌ఎస్‌డీ పవర్ సేవింగ్ కావచ్చు, గ్రాఫిక్స్ డ్రైవర్ కావచ్చు, బయాస్ అప్‌డేట్‌తో పోయేది కావచ్చు. మీ ఇంట్లో వేరేది దొరకొచ్చు. వెతికే పద్ధతి మాత్రం ఇదే.

హ్యాంగ్ అనే ఒక్క మాట

లిటరరీ క్లబ్ పత్రికలో ఎస్‌ఎంపీఎస్ గోల ఏంటి అనుకునేవాళ్ళకి ఇప్పుడొక మాట. ఆ మూడు సర్వీస్ స్లిప్పులూ నేను చూశాను. మూడింటి మీదా ఒకటే రాసి ఉంది: హ్యాంగింగ్ ప్రాబ్లం.

చిన్నాయన చెప్పింది అది కాదు. "పని చేస్తా ఉంటే కాదు, ఊరికే ఇడిసిపెడితేనే బిగుసుకపోతాది" అని చెప్పాడు. అందులో ఎప్పుడు అవుతుందో ఉంది, ఎప్పుడు కాదో ఉంది, ఏమవుతుందో ఉంది. మనకి సాఫ్ట్‌వేర్ ఇంజనీరింగ్‌లో బగ్ రిపోర్ట్ ఎలా రాయాలో ఒక యూనిట్ మొత్తం చెప్తారు. ఆ యూనిట్ అడిగేవన్నీ ఈ ఒక్క వాక్యంలో ఉన్నాయి. కౌంటర్ దగ్గర దాన్ని ఇంగ్లీషులోకి మార్చి రాసేసరికి అందులో సగానికి పైగా రాలిపోయింది.

ఒకసారి ఆలోచించండి. తెలుగులో ఆగిపోయింది వేరు, ఆరిపోయింది వేరు. బిగుసుకుపోయింది అంటే స్క్రీన్ ఉంది, కదలిక లేదు. ఆరిపోయింది అంటే కరెంటే పోయినట్టు నల్లగా అయింది. మొరాయిస్తోంది అంటే ఆన్ కానంటోంది. నెమ్మదించింది అంటే పని జరుగుతోంది కానీ ఆలస్యంగా. దానంతటదే ఆగి మొదలవుతోంది అంటే ఇంకొకటి. ఒక్కొక్క మాటకి వెతకాల్సిన చోటు వేరు. మనం ఇవన్నీ కలిపి "హ్యాంగ్ అవుతోంది" అనేస్తున్నాం. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే. టెక్నికల్ విషయం అంటే ఇంగ్లీషులో చెప్తేనే కచ్చితంగా ఉంటుందని నాకూ ఒక నమ్మకం ఉండేది. ఇక్కడ మాత్రం కచ్చితంగా చెప్పింది నందవరం తెలుగు. ఏమీ చెప్పకుండా సర్దేసింది ఆ ఇంగ్లీషు ముక్క.

టెక్నికల్ పదాలన్నీ తెలుగు చేయాలని కాదు. సీ-స్టేట్‌ని సీ-స్టేట్ అనే అందాం. కానీ ఒక మనిషి తన ఇబ్బందిని తన భాషలో చెప్తున్నప్పుడు అతను వాడిన క్రియని అలాగే రాసుకుందాం. సమాచారమంతా ఆ క్రియలోనే ఉంటుంది.

షాపు వాళ్ళ వైపు నుంచి

చివరికి చిట్టా పట్టుకుని షాపుకి వెళ్ళాం. "అన్నా, ఈసారి గేమ్ వద్దు. ఆన్ చేసి, ఏమీ తెరవకుండా అలా పక్కన పెట్టండి" అన్నాను. ఆయన ఒకసారి నా వైపు, ఒకసారి చిట్టా వైపు చూసి సరేనన్నాడు. 50 నిమిషాలకి గడియారం ఆగింది. ఆయనే వచ్చి క్యాప్స్ లాక్ నొక్కి చూశాడు. ఎస్‌ఎంపీఎస్ మార్చడానికి ఒప్పుకున్నాడు, మంచిది వేస్తానని తేడా 1,100 తీసుకున్నాడు. దాని మీద చిన్నాయన ఇంకా గొణుగుతూనే ఉన్నాడు.

ఆయన మోసగాడేం కాదు. టేబుల్ మీద పది మెషీన్లు వరుసలో ఉంటాయి. ఒక్కొక్కదాని మీద మిగిలేది తక్కువ. ఆన్‌లైన్ ధర చూపించి బేరమాడే కస్టమర్లు మనమే. ధర తగ్గించమంటే ఆయన తగ్గించగలిగేది మనం పేరు అడగని వస్తువు దగ్గరే, అంటే ఎస్‌ఎంపీఎస్ దగ్గరే. గ్రాఫిక్స్ కార్డు గురించి గంట చర్చిస్తాం, దానికి కరెంటు ఇచ్చేదాని గురించి నిమిషం కూడా అడగం. ఈ తప్పులో కొనేవాళ్ళ వాటా కూడా ఉంది.

"ఒక్కో మెషీన్‌ని గంటల తరబడి ఊరికే పెట్టి చూస్తూ కూర్చుంటే మా వ్యాపారం ఏం కావాలి?" అని ఎవరైనా అడగొచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ ఐడిల్ టెస్ట్‌కి మనిషి అక్కర్లేదు, అదే దాని సుఖం. రాత్రి షట్టర్ వేసేటప్పుడు ఆన్ చేసి వదిలేసి, పొద్దున వచ్చి గడియారం చూస్తే చాలు. మూడుసార్లు విప్పి బిగించిన టైముకన్నా ఇది చవక.

బైక్ మెకానిక్‌ని చూడండి. "అన్నా, రోడ్డు మీద బాగానే పోతుంది, స్పీడ్ బ్రేకర్ దగ్గర స్లో చేస్తే ఆగిపోతుంది" అంటే ఆయన బండిని 80లో తోలుకొచ్చి "నా దగ్గర బాగానే నడిచింది" అనడు. స్టాండ్ వేసి, స్టార్ట్ చేసి, యాక్సిలరేటర్ వదిలేసి, ఆ చప్పుడు వింటాడు. తర్వాతే స్క్రూడ్రైవర్ పెడతాడు. ఎమ్మిగనూరు నేత ఊరు. మాచాని సోమప్ప గారు 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘంతో పేరు తెచ్చుకున్న ఊరు. అక్కడ ఏ మగ్గం దగ్గరికైనా వెళ్ళి చూడండి, ఒక పోగు తెగితే ఆ పోగు ఎక్కడుందో వెతికి ముడి వేస్తారు. పడుగు మొత్తం పీకేసి కొత్తది ఎక్కించరు. ప్రతిదానికీ ముందు ఫార్మాట్ కొట్టడం అంటే పడుగు మొత్తం పీకడమే.

మనమేం చేయొచ్చు

"ఇది హార్డ్‌వేర్ వాళ్ళ పని, మనది కోడింగ్" అని క్లాసులో ఒకరిద్దరు అన్నారు. నేను ఒప్పుకోను. ప్రాసెసర్‌ని ఎప్పుడు, ఎంత లోతుగా పడుకోబెట్టాలో నిర్ణయించడంలో ఆపరేటింగ్ సిస్టమ్ చేయి ఉంటుంది. అది మన సబ్జెక్టే. సిలబస్‌లో రెడీ క్యూ గురించి, షెడ్యూలింగ్ గురించి వారాల తరబడి లెక్కలు చేస్తాం. క్యూ ఖాళీగా ఉంటే ఏమవుతుంది అన్న ప్రశ్న దగ్గర మాత్రం ఒక లైనుతో దాటిపోతాం. మన చుట్టూ ఉన్న కంప్యూటర్లు ఎక్కువ సమయం గడిపేది ఆ ఒక్క లైనులోనే.

కాబట్టి నా సూచనలు చిన్నవే. కొత్త డెస్క్‌టాప్ కొంటే బిల్లు మీద ఎస్‌ఎంపీఎస్ పేరు, మోడల్ రాయించుకోండి. ఇంటికి తెచ్చిన మొదటి వారంలోనే ఒక రాత్రంతా ఆన్ చేసి, స్లీప్ ఆపేసి, ఊరికే వదిలేయండి. ఏదైనా తేడా వస్తే షాపుకి ఎత్తుకెళ్ళే ముందు వారం రోజులు ఒక కాగితం మీద టైములు రాయండి. ఒకసారికి ఒకటే మార్చండి. తగ్గితే సంతోషపడి ఆగిపోకండి, మళ్ళీ పాతది పెట్టి జబ్బు తిరిగి వస్తుందో లేదో చూడండి. తిరిగి వచ్చినప్పుడే కారణం దొరికినట్టు.

మన కాలేజీలో ప్రతి ఊరి నుంచీ పిల్లలున్నారు. ఒక్కొక్కరి ఊర్లో ఇలాంటి ఆన్‌లైన్ షాపు ఒకటైనా ఉంటుంది, అందులో ఆగుతూ సాగుతూ నడిచే కంప్యూటర్ ఒకటి ఉంటుంది. దాని ముందు ఓటీపీ కోసం ఎదురుచూసే మనిషి ఉంటాడు. సంక్రాంతి సెలవులకి వెళ్ళినప్పుడు అక్కడికి వెళ్ళి, "ఏమైంది?" అని కాదు, "ఎప్పుడవుతుంది, ఎప్పుడు కాదు?" అని అడగండి. వాళ్ళు చెప్పే మాట పొల్లు పోకుండా రాసుకోండి. టెక్నికల్ మనుషుల మాటకి ఊర్లో చాలా బరువుంటుంది. "మా దగ్గర బాగానే నడిచింది" అనే ఒక్క ముక్కతో మూడు నెలల వారంటీ, మూడుసార్ల బస్సు ఛార్జీలు పోయాయి. ఇంకో ఏడాదిన్నరలో మనం కూడా ఏదో ఒక సపోర్ట్ టీమ్‌లో కూర్చుంటాం. అవతల నుంచి ఎవరో "మీ యాప్ ఊరికే ఆగిపోతోంది" అని రాస్తారు. ఆ టికెట్ మూసేసే ముందు, ఆ "ఊరికే" అన్న మాట దగ్గర ఒక్క నిమిషం ఆగితే చాలు.